అస్సలు నచ్చని తమ్ముడు

అనగనగా ఒక ఊళ్ళో, కాలవగట్టు పక్కన, పొద్దున్నించి రాత్రి దాకా గలగలమని మోగే ఇల్లొకటి ఉండేది. ఎందుకు మోగేదంటే, అది సోడాల వీర్రాజు ఇల్లు కాబట్టి. కాళ్ళు తన్నకుండా పడుకుంటేనే చెప్తాను. దుప్పటి లాక్కోకు, నీ వాటా నీకుంది.

ఆ వీర్రాజు తెల్లవారకుండానే లేచి మిషను చక్రం తిప్పి గోలీసోడాలు కొట్టేవాడు. ఆ తర్వాత సీసాలన్నీ బండి మీద పేర్చుకుని సంతకీ, సినిమాహాలుకీ తోసుకెళ్ళేవాడు. మనిషి మంచివాడే. కాకపోతే కొంప మునుగుతున్నా "పోన్లే సులోచనా" అనడం తప్ప ఇంకో మాట రాదు. సులోచన అతని భార్య. ఆ "పోన్లే" విని విని ఆవిడ చెవులు తూట్లు పడిపోయాయి.

వాళ్ళకో కూతురు, పేరు కుసుమ. అయిదు నిండి ఆరు నడుస్తోంది. కుసుమ సులోచన కడుపున పుట్టలేదు. పాకే వయసులో పిల్లల హోమ్ నుంచి దత్తత తెచ్చుకున్నారు. ఆ సంగతి ఎవరూ దాచలేదు. ఎవరైనా ఆరా తీస్తే ఆ పిల్లే "నన్ను హోమ్ నుంచి తెచ్చుకున్నారు, మిమ్మల్ని ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నారు?" అని ఎదురడిగేది.

ఇంట్లో ఇంకో మనిషి కూడా ఉంది. వీర్రాజు తల్లి, అప్పాయమ్మ. కుసుమకి నాయనమ్మ. నాయనమ్మలందరూ ఇంతేనని నేననను, అంటే మీ నాన్న మొహం మాడ్చుకుంటాడు. ఈ నాయనమ్మ సంగతి మాత్రం చెప్తాను.

ఆవిడకి దిష్టి భయం. అలాంటిలాంటి భయం కాదు. మంచి జరగబోతోందంటే చాలు, ఆ మాట పైకి అననిచ్చేది కాదు. మబ్బు పట్టి చినుకులు పడుతుంటే "ఎక్కడి వానమ్మా" అనేది. పులుసు అమృతంలా కుదిరితే "ఏదో ఉడికిందిలే" అనేది. పిల్ల బొద్దుగా ఉందని ఎవరైనా అంటే "ఎక్కడి బొద్దు, ఎముకలు లెక్కెట్టుకోవచ్చు" అనేది. సోడాలన్నీ అమ్ముడైన రోజున మరీ పనిగట్టుకుని వీధరుగు మీద కూర్చుని "ఈ కాలంలో సోడాలెవరు తాగుతున్నారమ్మా" అని నిట్టూర్చేది. ఊళ్ళోవాళ్ళు పాపం వీర్రాజుని జాలిగా చూసేవాళ్ళు.

సులోచనకి ఒళ్ళు మండిపోయేది. అయినా గట్టిగా ఏమీ అనలేకపోయేది. ఎందుకంటే ఆ భయం ఊరికే పుట్టింది కాదు.

కుసుమ కంటే ముందు ఇంకో పాప రావలసింది. ఫలానా రోజున వచ్చి తీసుకెళ్ళండని హోమ్ వాళ్ళు కబురు చేశారు. అప్పాయమ్మ ఆనందం పట్టలేక వీధంతా లడ్డూలు పంచింది. నడవలో ఉయ్యాల కట్టించింది. రాని పిల్లకి పేరు కూడా పెట్టేసి ముద్దుగా పిలుచుకోవడం మొదలెట్టింది. అప్పుడు ఆ పాపని కన్నతల్లి మనసు మార్చుకుని, ఏడుస్తూ వచ్చి, తన బిడ్డని తను తీసుకెళ్ళిపోయింది. కన్నతల్లి వచ్చి అడిగితే ఎవరు కాదంటారు? ఇచ్చేశారు.

ఆ తర్వాత లడ్డూలు తిన్నవాళ్ళందరూ వరసగా పలకరించడానికి వచ్చారు. జరిగింది మళ్ళీ మళ్ళీ చెప్పుకోవాల్సి వచ్చింది. నడవలో ఉయ్యాల చూడలేక సులోచన పెరటిదారిన తిరిగేది. ఆ దుఃఖం ఎలాంటిదో నీకిప్పుడు చెప్పను, చిన్నవాడివి. అప్పాయమ్మ ఉయ్యాల విప్పించి అటకెక్కించింది. ఆ రోజునుంచి ఏ మంచిమాటా పైకి అనకుండా నోటికి తాళం వేసుకుంది.

అందుకని కుసుమని తెచ్చుకునేటప్పుడు ఈగకి కూడా చెప్పలేదు. పిల్లని ఎత్తుకుని గుమ్మంలో అడుగు పెడుతుంటే ఎదురింటి నూకరత్నం చూడనే చూసింది. "ఎవరి పిల్లే?" అంది. అప్పాయమ్మ తడుముకోకుండా "చుట్టాల పిల్ల. రెండ్రోజులుండి పోతుంది" అంది.

రెండ్రోజులు గడిచాయి. రెండు నెలలూ గడిచాయి. పిల్ల గోడ పట్టుకుని నడుస్తోంది. నూకరత్నం అడుగుతూనే ఉంది, అప్పాయమ్మ "ఇదిగో, రేపో మాపో పోతుంది" అంటూనే ఉంది. ఆ తర్వాత కోర్టు కాగితాలు కూడా చేతికొచ్చాక, పేరు పెట్టే వేడుకకి పిలవడానికి వెళ్తే "పోయే పిల్లకి పేరెందుకే" అని నూకరత్నం బుగ్గలు నొక్కుకుంది.

ఈ కథంటే కుసుమకి ప్రాణం. రోజూ రాత్రి చెప్పాల్సిందే. ఒక్క ముక్క మార్చి చెప్తే ఒప్పుకోదు, మళ్ళీ మొదటికి రావాల్సిందే. "రెండ్రోజులుండి" దగ్గరకొచ్చేసరికి లేచి కూర్చుని, నాయనమ్మ గొంతు పెట్టి, "పోతుంది" అని తనే అనేది. అని, "కానీ నేను పోలేదుగా" అని తృప్తిగా పడుకునేది. పొద్దున్నించీ సీసాలు కడిగి చేతులు నానిపోయిన సులోచన ఆవలిస్తూ, సగం నిద్రలో ఆ కథ అప్పజెప్పేది.

ఇక ఆ పిల్లతో వేగడమంటే మాటలు కాదు. జడ వేస్తుంటే తల ఒక్కక్షణం నిలిపేది కాదు. ఒక జడ చెవి పక్కనా, ఇంకోటి మెడ కిందా తేలేవి. గ్లాసెడు పాలు తాగడానికి ఇల్లంతా ప్రదక్షిణం చేసేది. స్కూలు ఆటో వచ్చి హారను కొడుతుంటే, అప్పుడే ఒక గోలీ కంటి దగ్గర పెట్టుకుని "అమ్మా, నాన్న తలకిందులుగా నడుస్తున్నాడు చూడు" అనేది. "నడవనీ, నువ్వు చెప్పులేసుకో" అనేది సులోచన. చెప్పులేసుకునేది. కుడిది ఎడమ కాలికి, ఎడమది కుడి కాలికి.

అలాంటి పిల్లతో సతమతమవుతూ సులోచన ఇంకొకణ్ణి కూడా తెచ్చుకుందామనుకుంది. బుద్ధున్నవాళ్ళెవరైనా అనుకుంటారా? అనుకుంది. ఎందుకంటే మధ్యాహ్నాలు కుసుమ ఒక్కతే కూర్చుని, ఖాళీ సీసాలన్నిటికీ పేర్లు పెట్టి, వాటికి పాఠం చెప్పేది. అల్లరి చేసిన సీసాని గోడకేసి తిప్పి నిలబెట్టేది. అది చూస్తే సులోచనకి గుండె ఏదోలా అయ్యేది. మాట్లాడితే తిరిగి మాట్లాడేవాడు ఒకడుంటే బాగుణ్ణనిపించేది.

అప్పుడు మొగుడూ పెళ్ళాలిద్దరూ మళ్ళీ ఆఫీసుల చుట్టూ తిరగడం మొదలెట్టారు. అప్పాయమ్మ మాత్రం వీధరుగెక్కి, ఎవరూ అడక్కపోయినా, "ఇంకొకళ్ళెందుకమ్మా మాకు, ఉన్నదానితోనే వేగలేకపోతున్నాం" అని చెప్పేది. పక్కన మరమరాలు తింటూ కుసుమ వినేది. ఆ తర్వాత అదే అప్పాయమ్మ లోపలికొచ్చి, తలుపు దగ్గరగా వేసి, మెత్తబడ్డ పాతచీరలతో పసివాడికి బొంత కుట్టేది. కుసుమ అదీ చూసేది. ముసలమ్మకి కళ్ళు ఆనవు కాబట్టి సూదిలో దారం ఎక్కించి ఇచ్చేది కూడా తనే.

ఆ రోజుల్లోనే మూడు ముచ్చట్లు జరిగాయి.

మొదటి ముచ్చట పిల్లిది. సోడా పెట్టెల వెనక పిల్లి పిల్లల్ని పెట్టింది. కుసుమ పట్టలేక వీధిలో పిల్లలందర్నీ వెంటేసుకొచ్చి చూపించింది. మర్నాటికల్లా తల్లిపిల్లి ఒక్కొక్కదాన్నీ మెడ పట్టుకుని ఎటో తీసుకుపోయింది. కుసుమ అన్నం ముట్టలేదు. "చాటింపు వేస్తే ఇంతే మరి" అంది అప్పాయమ్మ.

రెండోది తీర్థానిది. ఊరి తీర్థంలో ఈ ఏడు జెయింట్ వీల్ ఎక్కుతానని ఆటోలో అందరికీ చెప్పుకుంది. సరిగ్గా ఆ సాయంత్రం కుండపోతగా కురిసింది. జెయింట్ వీల్ మీద టార్పాలిన్ కప్పేశారు. "నేననలేదూ" అంది అప్పాయమ్మ.

మూడోది స్కూల్లో కృష్ణుడి వేషానిది. నెమలీక తెచ్చారు, పట్టుపంచె కుట్టించారు, కుసుమ కనబడ్డవాళ్ళందరికీ వేణువు పట్టుకుని చూపించింది. అప్పుడు గవదబిళ్ళలొచ్చాయి. రెండు బుగ్గలూ పొంగి, వెన్నముద్దలు మింగకుండా దాచుకున్నట్టు కూర్చుంది. అప్పాయమ్మ ఏమందో నువ్వే చెప్పు. ఆఁ, అదే అంది.

"పిల్లకి ఇలాంటివి నూరిపోయకండి అత్తయ్యా" అంది సులోచన. "నేనేం నూరిపోశాను, ఉన్నమాటన్నాను" అంది అప్పాయమ్మ. వీర్రాజు ఏమన్నాడో అది కూడా నీకు తెలుసు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి దత్తత ఆఫీసు మేడం ఇల్లు చూడ్డానికి వచ్చింది. ఆవిడ పేరు జ్ఞానసుందరి. ఎండన పడి వచ్చే మనిషి, నిదానంగా మాట్లాడే మనిషి. ఇల్లెలా ఉంది, మనుషులెలాంటివాళ్ళు, పిల్లాడొస్తే ఎలా చూసుకుంటారు అని చూసి చెప్పడం ఆవిడ పని. సులోచన ముందురోజునించీ ఇల్లు కడిగి, బూజులు దులిపి, ఉప్మాలో జీడిపప్పు వేసి ఎదురుచూసింది.

మేడం అన్నీ చూసింది. అన్నీ అడిగింది. ఆ తర్వాత కుసుమని దగ్గరకి పిలిచి "నీకు తమ్ముడు కావాలామ్మా?" అంది.

"వద్దు" అంది కుసుమ.

సులోచన చేతిలో ఉప్మా ప్లేటు ఒరిగిపోయింది. జీడిపప్పులన్నీ నేలపాలు. మేడం మళ్ళీ అడిగింది. పిల్ల మళ్ళీ అదే మాటంది, ఇంకా గట్టిగా, వీధిలోకి వినబడేలా. "ఇంట్లో ఉన్న పిల్ల మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలమ్మా. లేకపోతే ముందుకెళ్ళలేం. నచ్చజెప్పండి, మళ్ళీ వస్తాను" అని మేడం సోడా తాగి వెళ్ళింది.

నచ్చజెప్పడం మొదలైంది. సులోచన జీళ్ళు కొనిపెట్టింది, తిని చేతులు గౌనుకి తుడుచుకుంది. బొమ్మ కొనిచ్చింది, ఆడుకుంది. "తమ్ముడొస్తే నిన్ను తక్కువ చూస్తామనుకుంటున్నావా? నీ వాటా నీకుంటుందే" అని బతిమాలింది. "నాకు తెలుసు" అంది కుసుమ. "తెలిస్తే మరి ఎందుకొద్దే?" అంటే పెదాలు బిగించి, కిటికీ వైపు చూసి, "ఊరికే" అంది. ఆ "ఊరికే" దగ్గర గోడకి తల కొట్టుకోవాలనిపించింది సులోచనకి.

అప్పుడు మేడం రెండోసారి వచ్చింది. ఈసారి ఒక గిలక్కాయ తెచ్చి, "ఇది తమ్ముడికిద్దామా?" అని అడిగింది. కుసుమ గిలక్కాయ తీసుకోలేదు. చేతులు నడుం మీద పెట్టుకుని, అచ్చం అప్పాయమ్మ గొంతుతో, "తమ్ముడెందుకమ్మా మాకు, ఉన్నదానితోనే వేగలేకపోతున్నాం" అంది.

మేడం సులోచన వైపు చూసింది. "ఇంట్లో ఈ మాట ఎవరంటారమ్మా?" అంది. సులోచన అత్తగారి వైపు చూసింది. అత్తగారు దూలాల వైపు చూసింది.

"ఇంకొక్కసారి వస్తాను" అంది మేడం. "అప్పుడూ ఇదే మాటైతే ఈ ఏటికి పక్కన పెట్టేస్తాను. ఇష్టం లేని ఇంటికి పసివాణ్ణి తెచ్చి, ఇద్దర్నీ ఏడిపించలేం కదా." ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. అందుకే సులోచనకి మరీ ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం ఇల్లు దద్దరిల్లింది. "మీ నోటి పుణ్యమే ఇదంతా" అంది సులోచన. అప్పాయమ్మకీ భయం పట్టుకుంది. కుసుమని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "ఈసారి కావాలని చెప్పవే నా తల్లీ, గట్టిగా చెప్పు" అంది. కుసుమ నాయనమ్మ మొహంలోకి పరీక్షగా చూసింది. ఆ తర్వాత కన్ను గీటబోతూ "అలాగే, చెప్తాలే" అంది. ఒక కన్ను మూయడం రాక రెండూ మూసింది. అది చూసి, ఇది నన్నూ మా అత్తనీ కూడా వెక్కిరిస్తోందనుకుంది సులోచన.

మర్నాడు ఏమైందంటే, పప్పులో గోలీ తగిలింది. వీర్రాజు పన్ను కదిలింది. "పోన్లే సులోచనా" అన్నాడు దవడ పట్టుకుని. సులోచన వంటింట్లోకి వెళ్ళి చూస్తే పెరుగులో ఒక గోలీ, ఉప్పుజాడీలో ఒక గోలీ. "గోలీలన్నీ నిద్రపోతున్నాయి, లేపకు" అంది కుసుమ.

అప్పుడు సులోచనకి ఎక్కడెక్కడి విసుగూ ఒక్కసారి పైకొచ్చింది. ఆఫీసుల చుట్టూ తిరిగిన విసుగు, జడల విసుగు, "ఊరికే" విసుగు. పిల్లని రెండు భుజాలూ పట్టుకుని నిలబెట్టి, "నాకు నువ్వస్సలు నచ్చట్లేదే కుసుమా. అస్సలు నచ్చట్లేదు" అంది.

అన్న మరుక్షణం నాలిక కరుచుకుంది. తెచ్చుకున్న పిల్లతో అనవలసిన మాటేనా అది? ఇప్పుడిది ఏడుస్తుంది, రాత్రంతా ఏడుస్తుంది, జీవితమంతా గుర్తు పెట్టుకుంటుందనుకుంది. కానీ కుసుమ ఏడవలేదు. అమ్మ మొహంలోకి చూసింది. కళ్ళు పెద్దవయ్యాయి. ఆ తర్వాత మొహమంతా నవ్వు పరుచుకుంది. ఆ నవ్వుతోనే వెళ్ళి పడుకుని, ఆ రోజు కథ కూడా అడక్కుండా నిద్రపోయింది.

"తిడితే నవ్వుతోందండీ ఇది" అంది సులోచన మొగుడితో. "పోన్లే, ఏడవలేదుగా" అన్నాడు వీర్రాజు. ఇలాంటి మొగుణ్ణి పెట్టుకుని ఏం చేస్తాం చెప్పు.

మూడోసారి మేడం వచ్చేసరికి సులోచనకి ఓపిక చచ్చిపోయింది. బూజులు దులపలేదు. ఉప్మా చెయ్యలేదు. గుమ్మానికి ఆనుకుని నిలబడి, జరగబోయేది జరగనీ అన్నట్టు చూస్తోంది. వీర్రాజు మిషను దగ్గర సీసాలు సర్దుతున్నట్టు నటిస్తున్నాడు. అప్పాయమ్మ గుప్పెట్లో ఉప్పు పట్టుకుని తలుపు చాటున నిలబడింది.

"తమ్ముడు కావాలా, వద్దా? ఇదే ఆఖరిసారి అడగడం" అంది మేడం.

"వద్దు" అంది కుసుమ.

మేడం ఇంకేం అడగలేదు. సంచీ జిప్పు వేసుకుని లేచింది. చెప్పుల్లో కాళ్ళు పెట్టి, "మరి వెళ్తానమ్మా" అంది.

ఇప్పుడు విను, ఇక్కడే ఉంది కిటుకు. మన ఇళ్ళల్లో వెళ్తానని ఎవరంటారు? పాలవాడు కూడా వస్తానంటాడు గానీ వెళ్తాననడు. వెళ్ళొస్తానంటేనే మళ్ళీ రావడం ఉంటుంది. వెళ్తానంటే ఇంక అంతే. అప్పాయమ్మ పెంపకంలో పెరిగిన పిల్లకి ఆ మాట తెలియకుండా ఉంటుందా? కుసుమ మొహం పాలిపోయింది. వీధిలోకి ఒక్క పరుగు తీసి మేడం చీర కుచ్చెళ్ళు పట్టుకుంది.

"వెళ్తాననకూడదు" అంది. "వెళ్ళొస్తాననాలి."

"మళ్ళీ వచ్చే పనేముందమ్మా? నువ్వు వద్దన్నావు కదా" అంది మేడం.

"వద్దంటేనేగా వస్తాడు" అని అరిచింది కుసుమ.

అరిచి, రెండు చేతులతో నోరు మూసుకుంది. గాభరాగా అటూ ఇటూ చూసింది. ఎదురింట్లో నూకరత్నం చీపురు పట్టుకుని నిలబడి ఉంది. గోడ మీద కాకి ఉంది. అప్పుడు పెద్దగా ఏడుపు లంకించుకుంది. "పైకి అనేశాను. ఇంక రాడు. పిల్లిపిల్లల్లాగే వాణ్ణి కూడా తీసుకుపోతారు. కావాలన్నవన్నీ పోతాయి. నాయనమ్మ నన్ను పోతుందంది కాబట్టే నేను ఉండిపోయాను" అని వెక్కుతూ చెప్పింది.

సులోచన గుమ్మం వదిలి వీధిలోకి దిగింది. ఇన్నాళ్ళూ ఈ పిల్ల వద్దంటోందనుకుంది. రోజూ రాత్రి తను ఆవలిస్తూ చెప్పిన కథని పట్టుకుని, ఈ పిల్ల ఒక్కతే, తమ్ముణ్ణి కాపు కాస్తోంది. జీళ్ళకీ బొమ్మకీ కరక్కుండా, తిట్లు తింటూ, పెదాలు బిగించుకుని కాపు కాస్తోంది.

అప్పుడు మేడం ఏం చేసిందంటే, నడివీధిలో, బోర్లించిన సోడా పెట్టె మీద కూర్చుంది. "నువ్వేదో అన్నావు గానీ నాకేం వినబడలేదే. ఈ మిషను చప్పుడొకటి" అంది.

మిషను అప్పుడు తిరగడం లేదు. వీర్రాజుకి మేడం వైపు చూశాక గానీ అర్థం కాలేదు. అర్థమయ్యాక, జీవితంలో మొదటిసారి "పోన్లే" అనకుండా, ఒక్క గెంతులో వెళ్ళి చక్రం పట్టుకుని గిరగిరా తిప్పేశాడు. ఖాళీ సీసాలన్నీ దడదడలాడాయి. అది చాలక నిండు సోడాల గోలీలు వరసపెట్టి నొక్కాడు. కీయ్‌మని ఒకటి, కీయ్‌మని ఇంకొకటి. కాకి ఎగిరిపోయింది. నూకరత్నం చెవులు మూసుకుంది.

ఆ చప్పుడులో కుసుమ మేడం చెవి దగ్గర నోరు పెట్టి, చెయ్యి అడ్డం పెట్టుకుని, చెప్పింది. చాలాసేపు చెప్పింది. మేడం మధ్యలో ఒకసారి ముక్కు తుడుచుకుంది.

ఆ తర్వాత ఆవిడ లేచి, "వెళ్ళొస్తాను" అంది, కుసుమకి వినబడేలా. సులోచన వీధి మలుపు దాకా వెంటపడింది. "ఏం చెప్పింది మేడం? ఒప్పుకుందా?" అని అడిగింది. "నాకేం చెప్పలేదమ్మా" అంది మేడం. "నేనేం వినలేదు. చూసిందేంటో చూశాను, నా మాట నేను పై ఆఫీసుకి రాసి పంపుకుంటాను. నువ్వు మాత్రం ఎవరితోనూ అనకు, అంటే అవదట." అని నవ్వి ఆటో ఎక్కింది.

సులోచన కోపం మూట కట్టుకుని ఇంటికొచ్చింది. అత్తగార్ని ఈ రోజు వదిలిపెట్టకూడదనుకుంది. తీరా చూస్తే అప్పాయమ్మ గుప్పెట్లో ఉప్పు కరిగి కారుతుంటే, దాన్ని పడెయ్యడం కూడా మర్చిపోయి, నేల మీద కూర్చుని ఏడుస్తోంది. "దానికి నేనింత భయం పెట్టానా సులోచనా" అంది. ఇంకేం తిడుతుంది? పక్కన కూర్చుని ఆవిడా ఏడ్చింది. తిట్టాల్సిన మాటలన్నీ అలాగే మిగిలిపోయాయి, తర్వాత ఎప్పుడో చిన్నచిన్నగా వాడుకుందిలే.

మావిడికాయలు వచ్చాయి, ఊరగాయలయ్యాయి. వానలొచ్చాయి. మళ్ళీ మావిడి పూత పట్టే రోజుల్లో పిల్లాడొచ్చాడు. బోసినోరు, గుండ్రటి తల, అందిన జుట్టల్లా పీకే చెయ్యి. సులోచన ఎత్తుకుని గుమ్మం దగ్గర నిలబడితే అప్పాయమ్మ ఎర్రనీళ్ళతో దిష్టి తీసింది. అటక మీంచి ఉయ్యాల దిగింది.

ఎదురింటి నూకరత్నం చీపురు పట్టుకుని రానే వచ్చింది. "ఎవరి పిల్లాడే?" అంది.

అప్పాయమ్మ నోరు తెరిచింది. చెప్పాలో వద్దో తేల్చుకోలేక కోడలి వైపు చూసింది. ఈలోపల కుసుమ ఎదురెళ్ళి, చేతులు నడుం మీద పెట్టుకుని, "చుట్టాల పిల్లాడు. రెండ్రోజులుండి పోతాడు" అంది.

నూకరత్నం ఈసారి బుగ్గలు నొక్కుకోలేదు. "అలాగా. అయితే పేరెప్పుడు పెడతారో చెప్పండి, లడ్డూలు తినడానికి వస్తాను" అని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి పిల్లాడు నిద్రపోనివ్వలేదు. ఎత్తుకుంటే దింపమని, దింపితే ఎత్తుకోమని ఒకటే రాగం. ఎలాగో పడుకున్నాక సులోచన నడుం వాల్చింది. కుసుమ చీకట్లో లేచి కూర్చుని, నాయనమ్మ కుట్టిన బొంతలోంచి బయటికొచ్చిన తమ్ముడి కాలుని మళ్ళీ లోపల పెడుతోంది. వాడు తన్నేస్తున్నాడు. అది మళ్ళీ పెడుతోంది.

"తమ్ముడు నచ్చాడా?" అని గుసగుసగా అడిగింది సులోచన.

కుసుమ కిటికీ వైపు చూసింది. తలుపు వైపు చూసింది. "అస్సలు నచ్చలేదు" అంది.

అప్పుడు సులోచనకి ఆ గోలీల రోజు నవ్వు గుర్తొచ్చింది. తిడితే నవ్విందనుకుంది గానీ, దానికి ఆ రోజు ఏం వినబడిందో ఇప్పటికి తెలిసింది. కూతుర్ని దగ్గరకి లాక్కుని, వంకర పాపిడి మీద ముద్దు పెట్టుకుని, "నాకూ నువ్వస్సలు నచ్చలేదే" అంది.

"నాకు తెలుసు" అంది కుసుమ.

అదీ కథ. ఇంక కళ్ళు మూసుకో. ఆ పిల్లాడు తర్వాత వెళ్ళిపోయాడా అంటావా? ఎక్కడికి పోతాడు? వాడికిచ్చిన రెండ్రోజులూ ఇంకా అవ్వలేదు. నమ్మకం లేకపోతే పొద్దున్నే మీ అక్కనడుగు, సగం దుప్పటి నీ మీద కప్పి అదెప్పుడో పడుకుంది. కాలు లోపల పెట్టు. ఎందుకు నవ్వుతావు, నువ్వు నాక్కూడా ఏం నచ్చలేదు.

కథ కంచి దారి పట్టింది,
కన్ను నిద్ర దారి పట్టింది,
దిష్టి దిబ్బ దారి పట్టింది,
మనం మాత్రం మనింటికే.